మామిడి తోటకు పాత జీపా, కొత్త బండా?

అన్నా, పాకాల దగ్గర తోటకు వంక దాటి వెళ్లాలి, పాత మహీంద్రా ఎంఎం 540 జీపు తీసుకోనా, కొత్త మహీంద్రా థార్ తీసుకోనా అని మీరు అడిగారు. తోటకే అయితే నా ఓటు పాత జీపుకే.

అందులో ఉన్నది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, ఇంజన్‌కు డీజిల్ పంపేది మెకానికల్ పంపు. కంప్యూటర్ లేదు. మధ్యలో ఆగిందంటే చాలాసార్లు డీజిల్ లైన్లో గాలి పట్టడమో, ఫిల్టర్ మూసుకుపోవడమో. స్పానర్ ఉంటే పాకాల మెకానిక్ అక్కడికక్కడే సరిచేస్తాడు. మా తమ్ముడి కొత్త బండి (కంపెనీ పేరెందుకులెండి) భాకరాపేట ఘాట్‌లో ఒక్క సెన్సర్ పోయి పవర్ తగ్గించేసుకుంది. తిరుపతి దాకా టోయింగే!

ఇంకోటి, బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. తోటలో మెల్లగా, కాసేపే తిప్పితే అది వేడెక్కదు, మసి కాలదు, మూసుకుపోతుంది.

కానీ పిల్లలతో రోజూ హైవే మీద తిరగాలంటే పాతది వద్దు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసేది) లేవు, నడుములు పోతాయి.

కొనేముందు ఛాసీ తుప్పు చూడండి, ఫోర్ వీల్ డ్రైవ్ ‘లో’ గేరు (మెల్లగా, బలంగా లాగే గేరు) వేసి నడపండి. 15 ఏళ్లు దాటి ఉంటుంది కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.