లేసు అల్లినట్టుండే పూలు కావాలంటే: నేను పెంచినవి, చంపినవి

ముద్దబంతిలా బరువుగా పూసేవి వద్దు, లేసు అల్లినట్టు గాల్లో తేలే పూలు కావాలి, ఏటా మళ్ళీ నాటే పని ఉండకూడదు, అందరి తోటల్లో కనిపించేవీ కాకూడదు, ఏ మొక్కలు పెట్టాలి అని మీరు అడిగారు. ఈ పిచ్చి నాకూ ఉంది కాబట్టి చెప్తున్నాను.

మొదట గౌరా. వృక్షశాస్త్రం వాళ్ళు దీన్ని ఈనోథెరా ప్రజాతిలో కలిపేశారు గానీ, మొక్కలు పెంచేవాళ్ళకి ఇంకా గౌరాయే. సన్నటి పొడుగాటి కాడలు, ఒక్కో పువ్వుకీ నాలుగే రేకులు. నాలుగూ పైకే తిరిగి ఉంటాయి, కింద మీసాల్లా కేసరాలు వేలాడతాయి. చిన్న గాలి వచ్చినా చాలు, తెల్ల సీతాకోకచిలుకలు వాలబోయి ఎందుకో మానుకున్నట్టు ఉంటుంది. పువ్వు ఒక్కరోజు ముచ్చటే, వాడేముందు లేత గులాబీకి తిరుగుతుంది. అయినా కాడ కొసన మొగ్గలు వస్తూనే ఉంటాయి కాబట్టి నెలల తరబడి లోటు తెలీదు.

ఇంత మంచి మొక్కని రెండుసార్లు చంపాను. మొదటిసారి చోటు బాగోలేదని రెండో ఏడు తవ్వాను. ముల్లంగిలా లోపలికి దిగిన తల్లివేరు పార కింద పుటుక్కుమంది, పది రోజుల్లో మొక్క పోయింది. రెండోసారి ప్రేమ ఎక్కువై పశువుల ఎరువు దండిగా వేశాను. ఆకు ఏపుగా వచ్చింది, కాడలు మాత్రం నిలబడలేక నేల మీద పడుకున్నాయి. తర్వాత వానలకి నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళింది. మూడోది ఇసుక కలిపిన మట్టిలో, ఎండలో, ఎరువు ఊసెత్తకుండా వదిలేశాను. అదే బతికింది.

మీది వేడి ప్రాంతమైతే టాలినమ్ పానిక్యులేటమ్ పెట్టండి. ఆకులన్నీ కిందే గుబురుగా ఉండి, పైన దారంలాంటి రెమ్మల మీద చిట్టి గులాబీ పూలు. అవి మధ్యాహ్నం దాటాక గానీ విచ్చుకోవు. ఆ సంగతి తెలీక రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి, ఇది గొడ్డు మొక్క అని తిట్టుకున్నాను. నాకు పూలకన్నా తర్వాత వచ్చే ఎర్రపూసల్లాంటి కాయలే ఇష్టం. అవి పగిలి గింజలు ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి, పీకే ఓపిక ఉండాలి.

చలి బాగా ఉండే చోటైతే థాలిక్ట్రమ్ డెలవాయికి మించింది లేదు. మనిషెత్తు పెరుగుతుంది. ఊదారంగులో కనిపించేవి రేకులు కావు, రక్షక పత్రాలు, అంటే మొగ్గని బయట నుంచి కప్పి ఉంచేవి. మధ్యలో మీగడ రంగు కేసరాల కుచ్చు. నేల చెమ్మగా ఉండాలి, ఊతకర్ర కావాలి. ఎండలు మండే చోట మాత్రం డబ్బు దండగ.

జిప్సోఫిలా గురించి చెప్పను, అది పూలబొకేల్లో అందరూ చూసిందే.

ఇంకోటి. ఈ పూలకి వెనకాల ఏముందన్నదే ముఖ్యం. నా గౌరా తెల్లగోడ ముందు ఏడాది పాటు పూసినా ఎవరి కంటా పడలేదు. ముదురాకుపచ్చ పొద ముందు ఇంకోటి నాటాక, సాయంత్రం ఏటవాలు ఎండ వెనక నుంచి పడితే అప్పుడు కనబడింది. పొడుగు మొక్కలని వెనక్కి నెట్టక్కర్లేదు, వీటి సందుల్లోంచి తోటంతా కనిపిస్తుంది.

మీ దగ్గర చలి ఎంత ఉంటుందో, వాన పడితే నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో రాయండి. వీటిలో ఏది పెట్టాలో అప్పుడు చెప్తాను.