అటక మీది బ్యాగు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, భార్య, తొమ్మిదేళ్ల పాప. ఏ లోటూ లేదు. అయినా నేనెవరో నాకే తెలియకుండా రోజులు వెళ్లిపోతున్నాయి. రాజీనామా చేసి, ఒక ఉత్తరం రాసిపెట్టి, ఏదైనా అడవిలోకి వెళ్లిపోదామని ఉంది. బ్యాగు సర్ది అటక మీద పెట్టి నాలుగు నెలలైంది. ఇది పిరికితనమా?

జవాబు: మీ ఉత్తరం మొత్తం ఇక్కడ వేయలేదు. బ్యాగులో ఏమున్నాయో మాత్రం పూసగుచ్చినట్టు రాశారు. టార్పాలిన్, దిక్సూచి, చాకు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు. మీ ఆవిడ గురించి ఒకే వాక్యం: ‘చెప్పినా తనకి అర్థం కాదు.’ చెప్పి చూశారా? చూడలేదనే నా అనుమానం.

పిరికితనం అని నేననను. అన్నీ అమరిన ఇంట్లో ఊపిరాడడం లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. ‘నీకేం తక్కువ?’ అంటారని భయపడి ఇంట్లో చెప్పుకోరు. వెళ్లాలనిపించడంలో తప్పు లేదు. చీటీ రాసిపెట్టి మాయమవడం దగ్గరే నా అభ్యంతరం.

అడవి అనగానే నాకు ఇద్దరు గుర్తొస్తారు. అమెరికాలో థోరో అనే రచయిత 1845లో వాల్డెన్ చెరువు దగ్గర గుడిసె వేసుకుని రెండేళ్లకు పైగా ఉన్నాడు. ఊరు అక్కడికి రెండున్నర కిలోమీటర్లే. తరచూ ఊళ్లోకి వచ్చిపోయేవాడు, గుడిసెలో మూడు కుర్చీలు వేసుకున్నాడు. ఏకాంతం కోరినవాడికి మూడెందుకో ఆలోచించండి. రెండోవాడు క్రిస్ మెక్‌కాండ్లెస్ అనే అమెరికా కుర్రాడు. ఇంట్లోవాళ్లకు జాడ తెలియనివ్వకుండా తిరిగి తిరిగి, 1992 ఏప్రిల్‌లో ఒంటరిగా అలాస్కా అడవిలోకి వెళ్లాడు. జులైలో తిరిగి వద్దామని బయల్దేరితే, వెళ్లేటప్పుడు దాటిన నది పొంగి ఉంది. కొద్ది దూరంలోనే, తీగకు వేలాడుతూ అవతలికి చేర్చే తొట్టి ఒకటి ఉంది. సరైన మ్యాపు లేక అతనికి ఆ సంగతి తెలియలేదు. ఆగస్టులో తిండి లేక చిక్కి శల్యమై చనిపోయాడు. 24 ఏళ్లు. అతని ధైర్యాన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. నాకైతే ఆ తొట్టే కళ్ల ముందు మెదులుతుంది. ఫలానా తేదీకి రాకపోతే వెతకండి అని ఎవరికీ చెప్పి వెళ్లలేదు మరి.

ముందు ఒకటి తేల్చుకోండి. నిద్ర, ఆకలి, పాపతో ఆడుకోవాలన్న సరదా ఎలా ఉన్నాయి? రెండు వారాలకు పైగా రోజంతా మనసు చచ్చినట్టుంటే డాక్టర్‌ని కలవండి. డిప్రెషన్‌లో కూడా ‘ఎక్కడికైనా పోవాలి’ అనే అనిపిస్తుంది. ‘తిరిగి రాకపోయినా ఫర్వాలేదు’ అన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఈ రోజే ఎవరికైనా చెప్పండి, ఆలస్యం చేయొద్దు.

అది కాదని తేలితే వెళ్లండి. రాజీనామా వద్దు, పది రోజులు సెలవు పెట్టండి. అనుమతి ఉన్న చోటికి, దారి తెలిసిన మనిషితో వెళ్లండి. తిరిగొచ్చే తేదీ ఇంట్లో రాసిపెట్టండి. మొదటి మూడు రోజులు మీకు మీరేం దొరకరు. దోమలు, కాళ్ల బొబ్బలు, బుర్రలో తిరిగే ఆఫీసు మెయిళ్లు దొరుకుతాయి. ఆ తర్వాత ఏం మిగులుతుందో చూసుకోండి. వచ్చాక నెల రోజులు మామూలుగా పనికి వెళ్లి, ఉద్యోగం సంగతి అప్పుడు తేల్చండి.

పాపకు మాత్రం ఎన్ని రోజులు వెళ్తున్నారో మీ నోటితోనే చెప్పండి. చెప్పకుండా పోతే తొమ్మిదేళ్ల పిల్ల ‘నా వల్లే నాన్న వెళ్లిపోయాడు’ అనుకుంటుంది. మీరు రాసిపెట్టే ఉత్తరం ఆ మాటను చెరపలేదు.

ఇక మీ ఆవిడ సంగతి. ఈ రాత్రి పాప నిద్రపోయాక ఆ బ్యాగు కిందికి దించండి. ఆవిడ ముందే విప్పి, ఒక్కో వస్తువూ తీసి పెట్టండి. ‘నాలుగు నెలల నుంచా?’ అని అడుగుతుంది. ఏడవొచ్చు, అరవొచ్చు. దానికి జవాబు ముందే తయారు చేసుకుని కూర్చోకండి.