కంద పూసింది, దుంప కుళ్ళలేదు

ముందు టెన్షన్ పడకండి. కుండీలో పాతిన కంద దుంప నుంచి ఆకు రాకుండా ఊదారంగు ముద్ద ఒకటి లేచింది, చచ్చిన ఎలుక వాసన కొడుతోంది, తవ్వి పారేయనా అని అడిగారు కదా, దయచేసి పారేయకండి, అది కంద పువ్వు. దుంప బాగా ఊరి పెద్దదైతే తొలకరికి ఆకు కంటే ముందే ఇలా పూస్తుంది. అడవి కంద కూడా అంతే.

దగ్గరికెళ్ళి చూడండి (ముక్కు మూసుకునైనా సరే, చూడదగ్గదే). విచ్చుకున్న రేకు మధ్యలో కాడ అడుగున ఆడ పువ్వులు, వాటి పైన మగ పువ్వులు, కొసన ముడతలు పడ్డ ముద్ద. మొదటి రోజు ఆడ పువ్వులు సిద్ధంగా ఉంటాయి, కుళ్ళు వాసనకు పురుగులు మోసపోయి వచ్చేది అప్పుడే. పుప్పొడి రాలేది ఆ తర్వాత. అప్పటికి వాసన బాగా తగ్గిపోతుంది.

అంతవరకు కుండీని కిటికీకి దూరంగా జరపండి. అస్సలు భరించలేకపోతే పువ్వును మొదలు దగ్గర కోసేయండి, దుంపకేమీ కాదు, కానీ చేతులకు గ్లవ్స్ ఉండాలి, ఆ రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద మామూలుగా ఉండదు.

అనుమానం తీరకపోతే మట్టి కాస్త తీసి దుంపను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిదే, మెత్తగా నీరు కారుతుంటేనే కుళ్ళినట్టు. ఆకు వచ్చేదాకా నీళ్ళు మాత్రం తగ్గించండి.