పింగ్ వెళ్తోంది, సైట్ తెరుచుకోవట్లేదు: ఇది ఏ లేయర్ సమస్య?

నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు లేయర్ల పేర్లూ బట్టీ పట్టాను, కానీ 8.8.8.8కి (అది గూగుల్ సర్వర్ అడ్రస్) పింగ్ వెళ్తున్నా బ్రౌజర్‌లో ఏ సైటూ ఎందుకు రావట్లేదో అర్థం కావట్లేదు అన్నారు కదా. నిజానికి మీ సమాధానం ఆ పింగ్‌లోనే ఉందండీ.

పింగ్ అంటే అవతలి మెషీన్ జవాబిస్తోందా అని చూసే కమాండ్. అది వాడేది ఐసీఎంపీ అనే ప్రోటోకాల్. ఐసీఎంపీ ఐపీ మీద నడుస్తుంది. జవాబు వచ్చిందంటే వైఫై, రౌటర్, ఐపీ అన్నీ బాగున్నట్టే, అంటే మూడోదైన నెట్‌వర్క్ లేయర్ దాకా ఢోకా లేదు. ఇక పైన చూడాలి. సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది డీఎన్ఎస్, మామూలుగా యూడీపీ పోర్ట్ 53 మీద. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన సైట్ పేరు ఇవ్వండి. టైమ్‌డ్ అవుట్ అని వస్తే దొంగ దొరికినట్టే, తప్పు డీఎన్ఎస్‌ది. అడాప్టర్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్) పెట్టి చూడండి. అడ్రస్ సరిగ్గానే వస్తే మాత్రం https సైట్లు వాడే టీసీపీ పోర్ట్ 443ని ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడాలి.

లేయర్లు బుర్రకెక్కాలంటే నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్‌లో ఒక్క డీఎన్ఎస్ ప్యాకెట్ మీద నొక్కండి. ఈథర్‌నెట్, దాని కింద ఐపీ, యూడీపీ, చివర డీఎన్ఎస్, ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తాయి. అయిదు, ఆరు లేయర్లు (సెషన్, ప్రెజెంటేషన్) అక్కడ విడిగా కనిపించవు, కంగారు పడకండి. ఇంటర్నెట్ నిజంగా నడిచే టీసీపీ/ఐపీ మోడల్‌లో వాటికి వేరే గది లేదు!

ఎన్ఎస్‌లుకప్ ఏం చూపించిందో ఇక్కడ పెట్టండి.