తోటికోడళ్ల వ్యాపారానికి కంపెనీ కావాలా?

ప్రశ్న: నేనూ మా తోటికోడలూ కలిసి పిల్లలకు లంగా జాకెట్లు, గౌన్లు కుట్టించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాం. నెలకు లక్ష దాకా బేరం. డబ్బంతా నా ఫోన్‌పేకే వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టమని మా మరిది పోరుతున్నాడు. పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ప్రైవేట్ లిమిటెడ్ అని బోర్డు మీద చూసుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క గౌను అమ్మకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు పడుతూ పోతుంది. వాటా తీసుకుని పెట్టుబడి పెడతామని ఎవరైనా వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

నన్ను కంగారు పెట్టింది మీ ఫోన్‌పే సంగతి. డబ్బంతా మీ ఖాతాలోనే పడుతుంటే కాగితం మీద ఈ వ్యాపారం మీ ఒక్కరిదే, పన్నూ మీదే. రేపు మాటా మాటా వస్తే మీ తోటికోడలి వాటాకు రుజువేదీ? ఇంట్లోవాళ్లకి కాగితాలెందుకు అన్నవాళ్లే తర్వాత మా ఆఫీసు మెట్లెక్కుతారు.

భాగస్వామ్య ఒప్పందం రాసుకోండి. పెట్టుబడి ఎవరిదెంత, లాభం ఏ పాళ్లలో, మిషన్లు ఎవరివి, ఒకరు తప్పుకుంటే ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఎవరికి. ఈ ఆఖరిది మరిచిపోకండి, మీ బేరమంతా దాని మీదే. ఇద్దరి జీతం సంగతీ అందులో ఉండాలి. ఆ ఒప్పందంతో ఏర్పడే భాగస్వామ్య సంస్థ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. ఒప్పందంలో జీతం రాసుకుంటే, చట్టం ఒప్పుకున్న మేరకు అది లాభంలోంచి తగ్గుతుంది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు కూడా చేయించండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం అది తప్పనిసరి కాదు కానీ, నమోదు లేని సంస్థ బాకీ రాబట్టుకోవడానికి కోర్టులో దావా వేయలేదు.

ఇందులో చిక్కల్లా ఒకటే: సంస్థ పేరున మీ తోటికోడలు చేసిన అప్పుకు మీ ఇల్లూ పూచీయే. బట్ట రొక్కానికి కొంటున్నంతకాలం ఫర్వాలేదు. సూరత్ నుంచి లక్షల సరుకు అరువు తెచ్చే పరిస్థితి వస్తే మాత్రం ఎల్ఎల్‌పీకి, అంటే సంస్థ అప్పుకు మామూలుగా మీ ఇల్లు పూచీ కాని పరిమిత పూచీ భాగస్వామ్యానికి, మారండి. అక్కడ టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు.

హైదరాబాద్‌కు పార్సిళ్లు పంపుతున్నారా? అది మనకిప్పుడు వేరే రాష్ట్రం. మీలాంటి సరుకు రాష్ట్రం దాటితే అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కాబట్టి ఒప్పందం, సంస్థ పాన్ ముందు తెచ్చుకుని, జీఎస్టీకి సంస్థ పేరుతోనే దరఖాస్తు చేయండి. ఈలోగా ఆ పార్సిళ్లు ఆపండి.