ఆ చీటీ చించకండి, ఆగస్టు దాటనివ్వకండి

ప్రశ్న: నా వయసు 27. పెళ్లిచూపులకు కళ్లద్దాలు అడ్డమని ఇంట్లో పట్టుబడితే 2023 నవంబరులో హైదరాబాద్‌లోని ఒక కంటి ఆస్పత్రిలో 95 వేలు కట్టి లాసిక్ చేయించుకున్నాను. నాది మైనస్ ఏడు పవర్. ఆరు నెలలు బాగానే ఉంది. తర్వాత ఎడమ కన్ను మసకబారింది. 2024 ఆగస్టులో కళ్లజోళ్ల షాపులో చూసినతను ‘కార్నియా (కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ఆకారం తేడాగా ఉంది, టోపోగ్రఫీ (ఆ ఆకారాన్ని మ్యాప్‌గా చూపే పరీక్ష) తీయించండి’ అని చీటీ రాసిచ్చాడు. అది ఆస్పత్రిలో చూపిస్తే ‘షాపువాళ్లకేం తెలుసు, కళ్లు పొడిబారాయంతే’ అని చుక్కల మందు రాశారు. 2025 ఫిబ్రవరిలో వేరే ఆస్పత్రివాళ్లు ఎక్టేసియా (కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బడం) అని, దాన్ని గట్టిపరిచే సీ3ఆర్ చికిత్స చేయించుకోమని చెప్పారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది, కేసు నిలవాలంటే ఆ చీటీ చించేయమని మా బావ అంటున్నారు. కేసు వేసేదాకా సీ3ఆర్ ఆపమంటారా? మా చెల్లెలికి 2023 ఏప్రిల్‌లో మొటిమల గుంటలకు లేజర్ చేస్తే బుగ్గ కాలి మచ్చ పడింది. దానికీ కలిపి వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తప్పిపోయిన సంబంధం పరిహారం లెక్కలో చిన్న పద్దు. మీ కేసు నిలిచేదీ పడిపోయేదీ మీ బావ చించమంటున్న ఆ చీటీ మీదే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఫిర్యాదుకు రెండేళ్ల గడువిచ్చింది. ఆస్పత్రి లాయరు ఆపరేషన్ రోజు నుంచి లెక్కేసి, 2025 నవంబరుతో మీ హక్కు పోయిందని మొదటి వాయిదాలోనే అంటాడు. దానికి సమాధానం వి.ఎన్. శ్రీఖండే కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. హాని అప్పటికప్పుడే కనబడేదైతే చికిత్స రోజు నుంచే గడువు మొదలవుతుంది. లోపల దాగి ఉండేదైతే రోగికి తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి. అయితే ఆ కేసులో రోగి తొమ్మిదేళ్లు ఊరుకుంది, అందుకే ఓడిపోయింది. తీర్పులో మనకు నచ్చిన సగమే చదివితే కుదరదు.

మీది దాగిన హాని కిందికే వస్తుంది. లాసిక్‌లో 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజరు కార్నియా కణజాలాన్ని మైక్రాన్ల లెక్కన తీసేస్తుంది. తీసింది మళ్లీ పెరగదు. మిగిలిన పొరకు బలం చాలకపోతే కంటిలోని ఒత్తిడికి అది నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, ముందుకు ఉబ్బుతుంది. కాబట్టి 2023 నవంబరు లెక్కను ఎదుర్కోవచ్చు. ‘నాకు ఖాయంగా తెలిసింది 2025 ఫిబ్రవరిలోనే, అంతకుముందు డాక్టరు మాట నమ్మాను’ అని గట్టిగానే వాదించవచ్చు. కానీ ఆ ధైర్యంతో 2027 దాకా కూర్చోకండి. మీకు అనుమానం వచ్చింది చీటీ రాసిన రోజున అనుకుని, 2026 ఆగస్టులో ఆ తేదీ రాకముందే ఫిర్యాదు దాఖలు చేయండి. లీగల్ నోటీసు పంపినా, ఆస్పత్రివాళ్లు ‘మాట్లాడుకుందాం, ఆగండి’ అన్నా గడువు ఆగదు.

ఇక మీ బావగారి సలహా. చీటీ లేకపోతే గడువును 2025 ఫిబ్రవరి నుంచే లెక్కించవచ్చని ఆయన ఆశ కాబోలు. సాక్ష్యం బయటికి రాకుండా కాగితాన్ని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. పైగా షాపు పుస్తకంలో నకలు ఉండవచ్చు, మీరే దాన్ని ఆస్పత్రిలో చూపించారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది బయటపడితే మీరు నిజం చెప్పిన విషయాలనూ ఎవరూ నమ్మరు. అన్నిటికంటే పెద్ద తెలివితక్కువతనం ఏమిటంటే, మీ దగ్గరున్న మంచి సాక్ష్యం అదే! టోపోగ్రఫీ తీయమని ఒకరు రాతపూర్వకంగా చెప్పినా తీయకుండా చుక్కల మందు రాసి పంపారంటే, ఆ నిర్లక్ష్యానికి వాళ్లు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ రోజు ప్రిస్క్రిప్షన్‌ను చీటీతో కలిపి భద్రపరచండి.

చూపు పాడైనంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. పరీక్షలన్నీ సరిగ్గా చేసినా ఎక్టేసియా రావచ్చు. ఆపరేషన్‌కు ముందు తీసిన టోపోగ్రఫీ మ్యాప్ ఏం చెప్పిందన్నదే ప్రశ్న. మైనస్ ఏడుకు, 6 మిల్లీమీటర్ల వెడల్పులో, సుమారు 84 మైక్రాన్లు తీయాలి. లేజరు కోసం పైకెత్తే పై పొరకు, అంటే ఫ్లాప్‌కు, 110 దాకా పోతుంది. కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలని డాక్టర్లు చూసుకుంటారు. అసలు మందం ఎంత? ఆకారంలో అప్పటికే తేడా ఉందా? కాంటాక్ట్ లెన్సులు ఎన్ని రోజుల ముందు మానారని మిమ్మల్ని అడిగారా, అడిగితే నిజం చెప్పారా? వీటిలో ఒక్కదానికీ మీ ఉత్తరంలో జవాబు లేదు. ఆ మ్యాప్ కాపీ అడగకుండానే ఇంటికొచ్చారు, కన్‌సెంట్ ఫారం చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు. 95 వేలు కట్టేటప్పుడు ఉన్న జాగ్రత్త కాగితాల దగ్గర ఏమైంది? ఫారంలో ఎక్టేసియా పేరున్నా ఫర్వాలేదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ప్రమాదాలూ ప్రత్యామ్నాయాలూ వివరించి తీసుకున్నదే సమ్మతి. పైగా చేయాల్సిన పరీక్ష ఎగ్గొట్టడానికి మీరు సమ్మతించలేదు.

కాబట్టి ఈ వారమే మొత్తం రికార్డు కావాలని రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో అడగండి. ముందు, తర్వాత తీసిన మ్యాప్‌లు, మందం కొలతలు, లేజరు యంత్రంలో నమోదైన వివరాలు, కన్‌సెంట్ ఫారం అన్నీ పేరుపేరునా రాయండి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అదే నియమావళి ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు ఉంచమంటోంది. మీరు అదేరోజు ఇంటికెళ్లిన పేషెంటు కనుక ‘మాకు వర్తించదు’ అని తప్పించుకోవచ్చు. అందుకే తొందర. ఇవ్వకపోతే, తెప్పించమని ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌నే కోరవచ్చు. వచ్చాక పాత, కొత్త మ్యాప్‌లు పక్కపక్కన పెట్టి చూసి రాసిచ్చే కార్నియా నిపుణుణ్ని వెతకండి. ప్రతి వైద్య కేసుకూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మైక్రాన్ల తగాదాలో అది లేకుండా వెళ్లకండి.

సీ3ఆర్ ఆపడం శుద్ధ పొరపాటు. రైబోఫ్లేవిన్ వేసి అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే ఆ చికిత్స ఉబ్బు పెరగకుండా ఆపడానికే, పోయిన చూపంతా తెచ్చిపెట్టదు. ఆలస్యం చేస్తే కన్నూ చెడుతుంది, ‘నష్టాన్ని మీరే పెంచుకున్నారు’ అనే వాదనా ఆస్పత్రికి దొరుకుతుంది. చేయించుకుని బిల్లులు పరిహారంలో కలపండి.

చెల్లెలి సంగతి వేరు. కాలిన బుగ్గ మర్నాడే అద్దంలో కనబడింది, గడువు 2025 ఏప్రిల్‌లోనే ముగిసింది. 69వ సెక్షన్ ఆలస్యాన్ని మన్నించే వీలిచ్చింది గానీ తగిన కారణం చూపాలి, ‘చట్టం తెలియదు’ అంటే చాలదు. చికిత్స కొనసాగిందని చూపే చీటీలుంటేనే విడిగా, ఆలస్య మన్నింపు పిటిషన్‌తో వేయండి. మీ ఫిర్యాదులో కలపొద్దు.

మీరుండేది కరీంనగర్ కనుక అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. పరిధి, ఫీజు మీరు చెల్లించిన సొమ్మును బట్టే ఉంటాయి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. బిల్లు పోయి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి.