స్లాబ్ కాంక్రీటు లెక్క నువ్వే కట్టు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం స్లాబ్ వేస్తున్నామని, 115 బస్తాల సిమెంటు చాలని మేస్త్రి చెప్పాడని రాశావు. ఆ మాట మీద ఉండిపోకు. లెక్క నువ్వే కట్టు. అదీ ప్లాను చూసి కాదు, సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే రేకులు, పోట్లు) పూర్తయ్యాక టేపు పట్టుకుని పైకెక్కి.

మీది 30 బై 40 అడుగుల స్లాబ్, మందం 5 అంగుళాలు. 1,200 చదరపు అడుగులను 5తో హెచ్చవేసి 12తో భాగిస్తే 500 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), అంటే 14 క్యూబిక్ మీటర్ల పైచిలుకు. మేస్త్రి లెక్క ఇక్కడితో ఆగిపోయింది. మరి బీములు? 9 అంగుళాల వెడల్పున, స్లాబ్ కింద అడుగు లోతు దిగే బీములు మీకు 200 అడుగుల దాకా ఉన్నాయి. అదింకో 150 సీఎఫ్‌టీ. మొత్తం 650, అంటే 18.4 క్యూబిక్ మీటర్లు. సజ్జాలు కూడా ఆ రోజే పోస్తే అవీ కలుపు.

ఎం20 రకం కాంక్రీటుకి సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు 8 బస్తాల సిమెంటు పడుతుంది. కాబట్టి సిమెంటు దాదాపు 147 బస్తాలు, ఇసుక 273 సీఎఫ్‌టీ, కంకర 546. సిమెంటునీ సీఎఫ్‌టీల్లోకి మార్చి ఇవన్నీ కూడితే వెయ్యి వస్తుందేమిటని కంగారు పడకు. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరి, కలిపాక 650కే దిగుతుంది. ఇసుక తడిగా ఉంటే పొంగి ఎక్కువ కనబడుతుంది, ఐదో వంతు అదనంగా తెప్పించు.

అసలు దెబ్బ మందం దగ్గర పడుతుంది. సెంట్రింగ్ రేకులు అర అంగుళం కుంగితే చాలు, ఈ స్లాబ్‌కి 50 సీఎఫ్‌టీ, అంటే 11 బస్తాలు అదనం. ఆ మూల నుంచి ఈ మూలకి దారం లాగి, దారానికీ రేకుకీ మధ్య ఎడం నాలుగైదు చోట్ల కొలువు. తేడా ఉంటే రేకుల కింది పోట్లు సరిచేయించాకే ఇనుము కట్టనివ్వు.

160 బస్తాలు తెచ్చి పెట్టుకో. మిగిలినవి ప్లాస్టరింగ్‌కి పనికొస్తాయి. మధ్యలో సిమెంటు అయిపోయి రేపు పోద్దామంటే మాత్రం ఆ జాయింటు దగ్గరే వానాకాలంలో నీళ్లు కారతాయి.

ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు తెప్పిస్తే మిగిలింది పారబోయడమే, అక్కడ లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. బండికి 6 క్యూబిక్ మీటర్ల చొప్పున మూడు బండ్లకు 18. నాలుగో బండి ఖాయమని ముందే చెప్పి ఉంచు, ఎంత పంపాలో మాత్రం రెండో బండి పోశాక మిగిలిన జాగా, బీములు కొలిచి ఫోన్ చెయ్యి.

సెంట్రింగ్ కాగానే కొలతలు పంపు, నేనూ ఓసారి చూస్తాను.

మీ మామయ్య